కారు లీజు కాగితాలు చూసే దొరగారికి

మహారాజశ్రీ కార్ల లీజు కంపెనీలో దరఖాస్తులు తిరగ్గొట్టే అధికారి గారి దివ్యసముఖమునకు,

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెంలో పుట్టి, ప్రస్తుతం టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కోలో కాపురముంటున్న మీ విధేయుడు అనేక నమస్కారములు చేసి వ్రాయునది. తమరు దయతో పంపిన ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. ఒకటే పేజీ. నా ఇంటిపేరులో రెండక్షరాలు ఎగిరిపోయాయి, ఫర్వాలేదు, అలవాటే. కారు లీజుకు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నామన్నారు. కారణం అన్నచోట ఒకే ముక్క: ‘టెంపరరీ రెసిడెన్స్’. తాత్కాలిక నివాసం.

ఆ ఉత్తరం ఏ ఇంటికి పంపారండీ? కవరు మీద అడ్రసు మీరే అచ్చేశారు కదా. ఆ ఇల్లు నాది. నాదంటే బ్యాంకుది, ముప్పై ఏళ్ళ లోను మీద కొన్నాను. ఆ బ్యాంకు వాళ్ళూ ఇదే హెచ్1బీ వీసా కాగితం చూశారు, ఇదే పాస్‌పోర్టు తిరగేశారు, ముప్పై ఏళ్ళకి సంతకాలు పెట్టించుకున్నారు. కౌంటీ వాళ్ళు ఏటా జనవరిలోగా ఇంటిపన్ను కట్టించుకుంటున్నారు. ఇంటికి ముప్పై ఏళ్ళు ఉండే మనిషి కారుకి ముప్పై ఆరు నెలలు ఉండడా? రాత్రికి రాత్రి మీ కారు నెత్తిన పెట్టుకుని శంషాబాద్‌లో దిగిపోతాననా మీ భయం?

మీ లెక్క నాకు అర్థమైంది లెండి. హెచ్1బీ ఇచ్చేది ఒక విడతకి మహా అయితే మూడేళ్ళు. మీ లీజూ మూడేళ్ళే. వీసా గడువు లీజు గడువు కన్నా ఒక్కరోజు తక్కువైనా మీ కంప్యూటరు ఒప్పుకోదు. అంటే ఆమోదం మొదలయ్యే రోజు తెల్లవారుజామునే మీ షోరూం గుమ్మంలో చాప వేసుకుని పడుకున్నవాడికి తప్ప, హెచ్1బీ మీద ఉన్న ఏ ఒక్కడికీ మూడేళ్ళ లీజు రాదు. పొడిగింపుకి దరఖాస్తు పెట్టాలన్నా గడువుకి ఆరునెలల లోపే పెట్టాలి, అంతకు ముందు పెట్టనివ్వరు. పెట్టాక జవాబు రాకపోయినా గడువు దాటి 240 రోజుల దాకా ఉద్యోగం చేసుకోవచ్చని మీ ప్రభుత్వమే అంటుంది. మీరు మాత్రం కాగితం మీద తేదీ చూస్తారు. ఒకసారి ఆరేళ్ళు దాటి, ఐ-140 ఆమోదమై, గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డవాడు మూడేళ్ళకి మూడేళ్ళు పొడిగించుకుంటూ పోతాడని మీకు తెలీదా? ఏ దేశం వాళ్ళకైనా ఏడు శాతానికి మించి ఇవ్వబోమని గీత గీసింది మీ దేశమే. ఆ వరుసలో తల నెరిసిపోతున్నవాడిని పట్టుకుని తాత్కాలికం అంటారా!

అసలు లీజు ఎవరికండీ? శాశ్వతంగా ఉండేవాడు కొనుక్కుంటాడు. రేపేమవుతుందో తెలియనివాడే కదా, మూడేళ్ళు వాడుకుని తాళాలు మీ చేతిలో పెట్టి పోతానంటాడు. ఆ మాట మీ షోరూంలోనే అన్నాను. ఆ కుర్రాడు నవ్వాడు. మంచివాడే పాపం, చల్లటి నీళ్ళ సీసా ఇచ్చాడు, కారు చుట్టూ తిప్పి చూపించాడు, ‘మా మేనేజరుతో మాట్లాడి వస్తాను’ అని లోపలికి పోయి పోయి వచ్చాడు. తర్వాత ఫైనాన్సు గదిలో కూర్చోబెట్టారు. నా ఫైలు విప్పాను. ఆమోద పత్రాలు ఏళ్ళవారీగా, జీతం చిట్టీలు, పన్ను కాగితాలు, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో. అక్కడున్నాయన అన్నీ పక్కకి నెట్టి ఐ-94 ఎత్తి పట్టుకున్నాడు. వెనక్కి తిప్పాడు. ‘ఇది ఏదో వెబ్‌సైటు ప్రింటులా ఉందే’ అన్నాడు. అవును సార్, వెబ్‌సైటు ప్రింటే. ఈ దేశంలో నేను ఏ తేదీ దాకా ఉండాలో చెప్పే కాగితం తెల్లకాగితం మీద ఇంట్లో తీసుకున్న ప్రింటే. ముద్ర లేదు, సంతకం లేదు. నేనేం చెయ్యను? దాని మీద తేదీని బట్టే మీ రాష్ట్రం వాళ్ళు నాకు ‘లిమిటెడ్ టర్మ్’ అని డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చారు. ఆ తేదీ పాస్‌పోర్టు గడువుకే కత్తిరించి ఇచ్చే ఆఫీసర్లు కూడా ఉంటారు ఎయిర్‌పోర్టులో, దిగగానే చూసుకోకపోతే అంతే సంగతులు. అన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని వేలాడుతున్నాయి. అన్నిటి కింద నేను.

క్రెడిట్ స్కోరు తక్కువంటారా, అదీ కాదు. 850కి ఎనిమిది వందలు దాటి ఉంది. వచ్చిన కొత్తలో సున్నా నుంచి దాన్ని మొక్కలా పెంచాను. ముందుగా మూడొందల డాలర్లు బ్యాంకులో తాకట్టు పెట్టి అదే మూడొందలకి క్రెడిట్ కార్డు తీసుకున్నాను, నా డబ్బు నేనే అప్పు తీసుకుని నాకే తీర్చుకున్నాను. ఆ బుద్ధి మా గూడెంలో ఏ వడ్డీ వ్యాపారికీ పుట్టలేదు. వడ్డీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఆ ‘మనీ ఫ్యాక్టర్’ ఏంటండీ? 0.0025 అని రాసి ఇచ్చారు. 2400తో గుణిస్తే గాని ఆరు శాతమని తెలియదు. మా వాడు నూటికి రెండని మొహం మీదే చెప్తాడు, ఇష్టమైతే తీసుకో అంటాడు.

కారు లేకపోతే బస్సెక్కు అనేరు. ఫ్రిస్కోలో రెండు లక్షల పైచిలుకు జనం ఉన్నారు, ఎక్కడానికి సిటీ బస్సు లేదు. డాలస్ వాళ్ళ డార్ట్ బస్సులూ రైళ్ళూ ఈ ఊరి పొలిమేర దాటి రావు, ఎందుకంటే ఈ ఊరు అందులో చేరలేదు. హనుమంతుడి గుడికి పోవాలన్నా కారే. మా గూడెం స్టేషన్ బయట నిలబడితే షేర్ ఆటోవాడు నేను ఎక్కడికి పోవాలో అడక్కుండానే ఎక్కించుకుంటాడు.

లీజులు నాకు కొత్తనుకోకండి. మాది కొల్లేరు పక్క. మా వైపు లీజు లేనిదే చేప లేదు. కైకలూరు దగ్గర మా బాబాయి ఒకాయన జిరాయితీ చెరువు లీజుకి తీసుకుని శీలావతి, బొచ్చె వేసేవాడు. ఎకరానికి ఏడాదికి ఇంత అని మాట. అప్పుడు చెరువాసామి అడిగింది మూడే మూడు ప్రశ్నలు: ఎవరబ్బాయివి, ఇంతకు ముందు ఏ చెరువు చేశావు, మేత ఎక్కడ తీసుకుంటావు. మేత కొట్టువాడిని వాకబు చేస్తే చాలు, మనిషి ఎలాంటివాడో మొత్తం తెలిసిపోతుంది. తవుడు, వేరుశనగ చెక్క అప్పు మీద తెచ్చి, పట్టుబడి రోజున లారీ హౌరాకి కదలకముందే తీర్చేసేవాడా, లేక తప్పించుకు తిరిగేవాడా? అదే స్కోరు. ఐసు పెట్టెలు ఎక్కిస్తున్నప్పుడు మేత కొట్టు గుమస్తా గట్టు మీద గొడుగేసుకుని నిలబడేవాడు, చిన్న పుస్తకం పట్టుకుని. ఆయనకి డేటాబేసు ఏమీ లేదు.

2006లో కొల్లేరు ఐదో కాంటూరు గీత లోపలి చెరువుల గట్లు పొక్లెయిన్లతో కొట్టేశారు కదా, ఆ దెబ్బకి మా బాబాయి చెరువూ పోయింది. లీజు ఇంకా నడుస్తోంది, చెరువు లేదు. చెరువాసామి ఆకివీడు నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు. పట్టిన పంటకి లెక్క కట్టి, మిగిలిన నెలల సొమ్ము ఆ సంక్రాంతికి తిరిగి ఇచ్చేశాడు. నీటిలో గట్టు కట్టుకున్నవాళ్ళం, వరదొస్తే బుడమేరూ తమ్మిలేరూ ఇంట్లోకే వస్తాయి, ఎండాకాలం వస్తే సరస్సే సగం కనపడదు. అక్కడ ఎవరూ ఎవరినీ నువ్వు తాత్కాలికం, నీకు లీజు లేదు పొమ్మనలేదు. మీరు అన్నారు. నా జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం ప్రతి నెలా కోసుకునేటప్పుడు మాత్రం ఎవరికీ నా తాత్కాలికం గుర్తు రాదు. మన రెండు దేశాల మధ్య దాని మీద ఒప్పందం లేదు కాబట్టి పదేళ్ళు నిండకుండా ఇంటికి పోతే ఆ సొమ్ము గోవిందా.

మీ 1974 నాటి అప్పుల చట్టం ప్రకారం అప్పు కాదన్నవాడు కారణం చెప్పాలట. పుట్టిన దేశాన్ని బట్టి కాదనకూడదట. ఇమ్మిగ్రేషన్ స్థితిని మాత్రం చూసుకోవచ్చట. నేను పుట్టింది ఇండియాలో కాబట్టే కదా అయ్యా నా స్థితి ఇలా ఉంది! ఐస్‌లాండ్‌లో పుట్టి ఉంటే ఈపాటికి గ్రీన్‌కార్డు చూపించి మీ దగ్గర రెండు కార్లు లీజుకి తీసుకునేవాణ్ణి.

ఇంకా ఉన్నాయి, చెప్తే మీకు విసుగు. 2025 సెప్టెంబరులో, ఇంటర్వ్యూ లేకుండా వీసా ముద్ర వేసే డ్రాప్‌బాక్స్ తీసేశారు, వీసా ముద్ర కోసం హైదరాబాద్ పోయి ఇంటర్వ్యూకి నిలబడాలంటే భయమేసి పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ వీడియోలోనే చూస్తున్నాం. ఆ అక్టోబరు 30 నుంచి ఈఏడీలు, అంటే పని అనుమతి కార్డులు, వాటంతటవే పొడిగింపు కావడం ఆపేశారు, మా ఆవిడ ఉద్యోగం దాని మీద వేలాడుతోంది, కాబట్టి ఆవిడ జీతం కూడా కలిపి చూడమని మిమ్మల్ని అడగలేకపోతున్నాను. ఇవి మీ పని కాదు, తెలుసు. మీ మీద కోపం కూడా కాదు, మీరొక్కరే నాకు ఉత్తరం రాశారు కాబట్టి రాస్తున్నాను.

అయ్యా, మా అమ్మా నాన్నా వస్తున్నారు. మా అమ్మకి రెండు మోకాళ్ళూ పోయాయి. మా పాత కారు సీటు కిందికి ఉంటుంది, కూర్చుంటే లేవలేదు, క్రితంసారి డోరు పట్టుకుని లేస్తూ ‘ఏం లేదురా, పద’ అంది. ఎత్తు సీటున్న బండి కావాలి. అంతే. మైలేజీ ఎంత తక్కువ పెట్టినా ఒప్పుకుంటాను. సెక్యూరిటీ డిపాజిట్ మూడు నెలలది అడగండి, ఆరు నెలలది అడగండి, ఇస్తాను. వీసా పొడిగింపు రాకపోతే బండి కడిగి, నిండా పెట్రోలు పోయించి మీ గుమ్మంలో పెట్టి పోతాను.

కో-సైనర్‌ని తెచ్చుకోమన్నారు ఫోనులో, సిటిజన్ అయితే మంచిదన్నారు. నాకు దగ్గరగా తెలిసిన సిటిజన్ ఒక్కడే ఉన్నాడు, మా అబ్బాయి. ప్లేనోలో పుట్టాడు, గడువు తేదీ లేదు వాడికి. రెండో క్లాసు చదువుతున్నాడు, సంతకం ముచ్చటగా పెడతాడు. శనివారం తీసుకు రమ్మంటారా? ఆదివారం మీ షోరూం తెరవరు కదా.

ఇట్లు,
తమ దరఖాస్తుదారు