గుర్తింపు రాని మహా ప్రసిద్ధులు

ఎంతో పేరున్న కళాకారుడికి రావలసినంత గుర్తింపు రాలేదని బాధపడటం విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో బాగా వేళ్ళూనుకున్న కళ. దీనికి శ్రుతి, తాళం అక్కర్లేదు. ఒక మైకు, ఒక శాలువా, ఒక జయంతి ఉంటే చాలు. వర్ధంతి అయినా సరిపోతుంది. నిజంగా పేరులేనివాడు మాత్రం ఈ కళకు పనికిరాడు. అలాంటివాడికి గుర్తింపు రాలేదంటే వినేవాళ్ళు "ఎవరతను?" అంటారు, సభ అక్కడితో చప్పబడుతుంది. అందుకే ఊరందరికీ తెలిసిన పేరునే పట్టుకుని, అతని పనిలో ఎవరూ పెద్దగా విననిదేదో ఒకటి వెతికి తీసి, దానికోసం కన్నీరు పెట్టుకోవాలి.

ఈ విద్య పరదేశంలోనూ ఉంది. రోలింగ్ స్టోన్స్ బృందం 1967 డిసెంబరులో ‘దెయిర్ సటానిక్ మెజెస్టీస్ రిక్వెస్ట్’ అనే ఆల్బం తెచ్చింది. మత్తులో కన్న కలలా శబ్దాలను వంకర్లు తిప్పే సైకెడెలిక్ పాప్‌కి అవి మంచి రోజులు. అట్టమీది బొమ్మను అటూ ఇటూ కదిపితే అందులోని ముఖాలు తిరుగుతాయి. బీటిల్స్ అదే ఏడాది అంతకుముందే తెచ్చిన ‘సార్జంట్ పెప్పర్స్’కి ఇది నకలని విమర్శకులు తిట్టిపోశారు. అయినా బ్రిటన్‌లో మూడో స్థానానికి, అమెరికాలో రెండో స్థానానికి ఎక్కింది. రెండో స్థానంలో కూర్చున్న దాన్ని మరుగున పడిందనడానికి గుండెధైర్యం కావాలి. రసజ్ఞులకు అది దండిగా ఉంది. తీసినవాళ్ళే తర్వాత ఆ ఆల్బంని తీసిపారేశారు. అభిమానులు మాత్రం ఒప్పుకోలేదు.

ఉత్తరాంధ్రలో ఆ పాత్ర సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు సినిమాలకు బయట పాడిన ప్రైవేటు పాటలది. ఆయన 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారు. ఊరు ఉన్నచోటే ఉంది గానీ జిల్లా మాత్రం విశాఖపట్నం, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం అయింది. కాబట్టి నాలుగు జిల్లాల వక్తలకూ ఆయన మనవాడే. మనవాణ్ణి మనమే పట్టించుకోలేదని వగచే హక్కూ నాలుగు జిల్లాలకూ సమానంగా దక్కింది.

పట్టించుకోకపోవడం ఏ స్థాయిలో జరిగిందో చూడాలి. పదమూడేళ్ళకే ‘శ్రీకృష్ణ లీలలు’లో కృష్ణుడి వేషం. తర్వాత ‘మల్లీశ్వరి’, ‘విప్రనారాయణ’, ‘మిస్సమ్మ’ సినిమాలకు సంగీతం. ‘మాయాబజార్’లో తెలుగిళ్ళు నేటికీ కూనిరాగం తీసే కొన్ని పాటల వరసలూ ఆయనవే. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది, ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చింది. ఇంతటి నిరాదరణ అందరికీ దొరకదు.

అసలు ఆ ప్రైవేటు పాటల్లో ఏముందన్నది వేరే సంగతి, సభల్లో ప్రస్తావనకు రానిదీ అదే. అప్పటి తెలుగు గాయకుడికి బడి నాటకాల పందిరి. మైకు లేని చోట చివరి వరుసలో నేలమీద కూర్చున్నవాడికి పద్యం అందాలి గనక గొంతెత్తేవారు, ఆఖర్న రాగం సాగదీసేవారు. మైకు వచ్చాక కూడా ఆ కేక వెంటనే తగ్గలేదు. సాలూరి కుర్రతనంలోనే కలకత్తా వెళ్ళి పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి పాట దగ్గరగా విన్నారు. మైకు ముందు అరవనక్కర్లేదని, ఎదుటి మనిషి చెవిలో చెప్పినట్టు పాడొచ్చని అక్కడ పట్టుకున్నారు. దానికి తోడు నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. అందులో సాగదీతకు చోటెక్కడిది? పల్లవి వెంటనే అందుకోవాలి, చరణం చప్పున తిరగాలి, మాట స్పష్టంగా వినబడాలి. ఆయన పాడిన ‘తుమ్మెదా ఒకసారి’ విన్నవాడికి ఇదంతా ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. తెలుగు లలిత సంగీతానికి దారి వేసిన రికార్డులివి.

సభలో జరిగేది మరొకటి. దీపం, దండ, ప్రార్థన, అధ్యక్షుడి తొలి పలుకులు. ముఖ్యవక్త ముప్పావుగంట సేపు గుర్తింపు రాలేదంటాడు. వెనక ప్లాస్టిక్ కుర్చీలోంచి ఒక పెద్దాయన "ఇంతకీ పాటేస్తారేటి?" అని పక్కవాణ్ణి అడుగుతాడు. సమయాభావం వల్ల పాట వేయలేకపోతున్నామని మైకులో చెబుతారు. మూడు నిమిషాల పాటకి సమయం చాలదు, శాలువాలకి చాలుతుంది.

ఈ ప్రసంగాల్లో తప్పని మాట ఒకటుంది: ఈయన ఇంగ్లండులో పుట్టి ఉంటే ప్రపంచం నెత్తిన పెట్టుకునేదట. రోలింగ్ స్టోన్స్ ఇంగ్లండులోనే పుట్టారు. ఆ ఆల్బంకి గుర్తింపు రాలేదన్న ఏడుపు ఇంకా సాగుతూనే ఉంది. మరి వాళ్ళు సాలూరులో పుట్టి ఉండాల్సిందేమో.

కొత్త తరం రసజ్ఞుడు సభకు రాడు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. అది కొంత నయం, వింటాడు కదా. కానీ అరిగిన రికార్డు గరగరనే అపురూప నాదమనుకుని, తెలుగులో సైకెడెలిక్ ఛాయలు తనకే ముందు దొరికాయని తీర్మానిస్తాడు. ఆ గరగర సూదిది, సాలూరిది కాదు.

సాలూరి అయిపోతే ఈ కళ మూతపడుతుందన్న భయం అక్కర్లేదు. విజయనగరంలో పుట్టి, అక్కడి సంగీత కళాశాలలోనే చదివిన గాయని పి. సుశీల పాటలు 17,695 అని 2016లో గిన్నిస్ వాళ్ళు లెక్క కట్టారు. అందరి నోటా ఆడేవి వెయ్యి తీసేసినా, కన్నీరు పెట్టుకోవడానికి పదహారు వేల పైచిలుకు సరుకు నిల్వ ఉంది.