ఎనభై శాతం పనిమంతులం

సృష్టిలో ఏదీ వృథా కాదన్నది వినడానికి చల్లని మాట. దాన్ని జన్యుశాస్త్రంలోకి లాక్కొచ్చి కొందరు దుకాణాలే తెరిచారు.

మన జన్యురాశి దాదాపు 300 కోట్ల అక్షరాలు. ప్రొటీన్ల తయారీకి నమూనా ఇచ్చేవి అందులో వందకు రెండు పాళ్లు కూడా లేవు. మిగతాదాంట్లో చాలామటుకు ‘జంక్’ అని 1972లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో అనేశాడు. మనిషంతటివాడికి ఎంత అవమానం! నలభై ఏళ్లకు పరువు దక్కింది. 2012 సెప్టెంబరులో, జన్యురాశిలో పనిచేసే భాగాలను వెతికే ఎన్‌కోడ్ ప్రాజెక్టు శాస్త్రజ్ఞులు 80 శాతానికి ఏదో ఒక జీవరసాయన పని ఉందని ప్రకటించారు. ఇంకేం, నిద్రపోతున్న డీఎన్ఏను లేపుతామనేవాళ్లు, దాని రెండు పోగులను పన్నెండు పోగులు చేస్తామనేవాళ్లు రంగంలోకి దిగారు.

ఇంతకీ ఆ 80 ఎట్లా వచ్చింది? డీఎన్ఏ ముక్క మీద ఏదో ప్రొటీను వచ్చి వాలినా, దాన్నుంచి కాస్త ఆర్ఎన్ఏ నకలు రాలినా పనిలో ఉన్నట్టే రాసుకున్నారు. ఈ కొలత మందుల కంపెనీల గుమ్మడిదలలో చెప్తే నైట్ షిఫ్టు దిగొచ్చే పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఇక్కడి బల్క్ డ్రగ్ కంపెనీల్లో రియాక్టరు తిరుగుతుంది, వేడెక్కుతుంది, ఆవిరి కక్కుతుంది. ఆవిరి చూసి ఎవడూ డ్రమ్ము మీద లేబుల్ అంటించడు. శాంపిల్ నాణ్యత పరీక్షకు, అంటే క్యూసీకి పోవాలి. అక్కడ ఫెయిలైతే తెల్లవార్లూ తిరిగినా అది మందు కాదు. ఎన్‌కోడ్ వాళ్లు క్యూసీ ఎత్తేసి, కరెంటు మీటరు చూసి ప్రొడక్షన్ రాశారు. ఆ లెక్కన రాత్రిపూట వాగులోకి వదిలే మురుగూ ప్రొడక్షనే!

ఉల్లిగడ్డ డీఎన్ఏ మనదానికి ఐదింతలు. ప్రతి అక్షరానికీ పనుంటే, పులుసులో పడటానికి దానికి అంత హంగు దేనికని జీవశాస్త్రవేత్త ర్యాన్ గ్రెగరీ 2007లోనే అడిగాడు. 2004లో ఎలుకల జన్యురాశిలోంచి 15 లక్షల అక్షరాల ముక్కొకటి, 8 లక్షలది ఇంకొకటి కోసేశారు. ఎలుకలు నిక్షేపంగా తిరిగాయి, పిల్లల్ని పెట్టాయి.

అలాగని అంతా చెత్తే అనడమూ మొండితనమే. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ బృందం 2009లో ప్రకటించిన సంగతి చూడండి. గుండె కండరానికి కావలసిన ఎంవైబీపీసీ3 జన్యువులో, ప్రొటీనుకు నమూనా ఇవ్వని ఇంట్రాన్ భాగంలో వరసగా 25 అక్షరాలు లేకపోతే గుండె జబ్బు ముప్పు బాగా పెరుగుతుంది. దక్షిణాసియాలో వందకు నలుగురిలో ఈ లోపముంది. పని అంటే ఇదీ: ఏది పోతే ఏది చెడుతుందో వేలు పెట్టి చూపగలగడం. పరిణామం మార్పులను గట్టిగా అడ్డుకుంటూ కాపాడుకొస్తున్న భాగం ఎంతని 2014లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు లెక్కేస్తే తేలింది 8.2 శాతం.

మరి నిద్రలేపేవాళ్ల సంగతి? ఆ నిద్రపోతున్నదాంట్లో ఒకప్పుడు జన్యురాశి అంతటా గెంతిన ట్రాన్స్‌పోజాన్ల అవశేషాలున్నాయి, పాత రెట్రోవైరస్‌ల శిథిలాలే మొత్తం జన్యురాశిలో 8 శాతం దాకా ఉన్నాయి. అవి లేస్తే ఎక్కడ ఏ జన్యువును చెడగొడతాయోనని మన కణాలు వాటికి మిథైల్ అనే రసాయన గుర్తులతో తాళాలు వేసి మరీ పడుకోబెడుతున్నాయి. ఫీజు పుచ్చుకుని వాటినే లేపుతారట! మన అదృష్టం బాగుండి వాళ్లకు ఆ విద్య రాదు.