ముందే చెప్పారట!

ప్రకాశం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక జారీ అయిందంటే చాలు, మన టీవీ స్టూడియోల్లో ఇరిగేషన్ ఇంజనీరు లేచి వెళ్ళిపోతాడు. ఆ కుర్చీలో రుద్రాక్షలు వేసుకున్న ఆధ్యాత్మికవేత్త సర్దుకుని కూర్చుంటాడు. తెర కింద ఎర్రటి పట్టీలో ప్రశ్న పరుగులు తీస్తుంటుంది: దుర్గమ్మ ముక్కుపుడకకు కృష్ణమ్మ ఇంకెంత దూరం? 2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు అదే ప్రశ్న. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలకు చేరి ఆ రికార్డు బద్దలైనప్పుడూ అదే ప్రశ్న. కలియుగాంతాన కృష్ణ పొంగి కనకదుర్గ ముక్కుపుడకను అందుకుంటుందని బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పారంటారు గనక, వరదొచ్చినప్పుడల్లా కెమెరాలన్నీ కొండకేసి తిరుగుతాయి.

రెండుసార్లూ ముక్కుపుడక క్షేమం. 2024లో మునిగింది సింగ్ నగర్. ముంచింది కృష్ణ కూడా కాదు, బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే ఆ వాగును బెజవాడలో ఎవరినడిగినా దుఃఖదాయని అనే చెబుతారు. 2005లోనూ ఇలాగే ముంచింది. ఈసారి మళ్ళింపు కాలువకు గండ్లు పడి, అర్ధరాత్రి ఇళ్ళలోకి నీళ్ళొచ్చి, జనం మేడలెక్కి కూర్చున్నారు. అన్నం పొట్లాల కోసం ఆకాశంలోకి చూస్తే డ్రోన్లు వచ్చాయి. ఏ జోస్యంలోనూ డ్రోను లేదు. బుడమేరూ లేదు.

అంటే బుడమేరు సంగతి ముందుగా చెప్పినవాళ్ళే లేరని కాదు. కాలువ వెడల్పు చాలదనీ, ఆక్రమణలు తీసెయ్యాలనీ చెప్పినవాళ్ళున్నారు. కాకపోతే ఫైళ్ళలో చెప్పారు. ఫైలును తంబురా మీద పాడుకోలేం కదా! అందుకని దానికి భక్తుల్లేరు.

జోస్యంతో ఓ గొప్ప సదుపాయం ఉంది. వరద కాలజ్ఞానంలో ఉందంటే, అది ఎవరి తప్పూ కాదు. గండి పూడ్చని కాంట్రాక్టరుదీ కాదు, వాగు గర్భంలో ప్లాట్లు వేసినవాడిదీ కాదు, వాటికి పట్టాలిచ్చినవాడిదీ కాదు. మూడొందల ఏళ్ళ కిందటే రాసిపెట్టి ఉన్న పనికి సస్పెన్షన్ ఆర్డరు ఎవరికివ్వాలి?

మా అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఓ రిటైర్డు హెడ్మాస్టరు గారున్నారు. కాలజ్ఞానం మీద ఆయనకున్న పట్టు పీఠాధిపతులకు కూడా ఉండదేమో. 2020 మార్చిలో, లాక్‌డౌన్ మొదటి వారంలోనే, ఈశాన్యాన విషగాలి పుడుతుందనీ, కోరంకి అనే జబ్బు కోటిమందికి తగులుతుందనీ ఉన్న పద్యం మా గ్రూపులో పెట్టారు. పక్కన బ్రహ్మంగారి బొమ్మ, కింద పది దండాలు. వూహాన్ మనకు ఈశాన్యంలోనే ఉందని మ్యాపు మీద బాణం గుర్తు కూడా గీశారు. తిరుమలలో దర్శనాలు ఆగిపోతాయన్న జోస్యమూ ఫలించిందని మర్నాడు ఇంకో మెసేజి.

"మాస్టారూ, ఇది డిసెంబరులో పెట్టి ఉంటే నాలుగు మాస్కులు, ఓ బస్తా బియ్యం కొని పెట్టుకునేవాళ్ళం కదా?" అన్నాను.

"అప్పుడు అర్థం కాలేదండీ. జరిగితేగానీ బ్రహ్మంగారి మాట బోధపడదు."

"మరి జరిగిపోయాక బోధపడితే లాభమేమిటి?"

"అదేమిటండీ, నమ్మకం పెరగదూ!"

ఆయనతో నాకు పేచీ లేదు. ఆయన చెప్పిందే ఈ శాస్త్రానికి మూలసూత్రం. ఎద్దులు లేని బండ్లు నడుస్తాయన్నది మోటారు కారు వచ్చాక అర్థమైంది. నీళ్ళతో దీపాలు వెలుగుతాయన్నది జలవిద్యుత్తు వచ్చాక. ఓ వితంతువు దేశాన్నేలుతుందన్నది ఇందిరాగాంధీ వచ్చాక. ముఖానికి రంగు పూసుకున్నవాళ్ళు గద్దెనెక్కుతారన్నది ఎన్టీఆర్ వచ్చాక. ఆయన తానే బ్రహ్మంగారి వేషం కట్టి, తానే దర్శకత్వం వహించిన సినిమా 1984లో విడుదలయ్యేనాటికి ముఖ్యమంత్రిగా కూడా ఉన్నారు. జోస్యం చెప్పినవాడూ, ఫలించినవాడూ ఒకే మేకప్‌లో తెరమీద కనిపించడం ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. ఆ ఘనత మనదే.

బస్టాండు పుస్తకాల షాపులో ఇద్దరు ప్రచురణకర్తల కాలజ్ఞానాలు కొని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో ఉండదు. రవ్వలకొండ గుహలో, గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాస్తూ బ్రహ్మంగారు రాసినవాటిలో చాలా ప్రతులు బనగానపల్లెలో చింతచెట్టు కింద పాతిపెట్టి ఉన్నాయని ప్రతీతి. ఇది మరీ అనుకూలం. పుస్తకంలో లేని జోస్యమంతా చింతచెట్టు కింద ఉన్నట్టే లెక్క.

అసలు ఈ విద్యలో ఒక్కటే నియమం: తేదీ చెప్పకూడదు. చెప్పినవాళ్ళంతా నవ్వులపాలయ్యారు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బైబిల్లో దానియేలు గ్రంథం పట్టుకుని లెక్కలు వేసి, క్రీస్తు తిరిగి రావడం ఖాయమన్నాడు. ఆఖరికి ఆయన అనుచరులు తేదీ కూడా ఖరారు చేశారు: 1844 అక్టోబరు 22. నమ్మినవాళ్ళు నిజంగా నమ్మారు. కొందరు చేలో పంట కొయ్యకుండా వదిలేశారు, కొందరు దుకాణాలు మూసేశారు. 23న ఎప్పట్లాగే తెల్లారింది. అయినా కథ ముగియలేదు. తేదీ సరైనదే, సంఘటన మాత్రం భూమ్మీద కాక పరలోకంలో జరిగిందని ఒక వర్గం వ్యాఖ్యానం చెప్పుకుంది. మన హెడ్మాస్టరు గారు వింటే లేచి నిలబడి చప్పట్లు కొడతారు.

మనవాళ్ళూ ఒకసారి ఆ పొరపాటు చేశారు. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి, ఇక ప్రళయమే అన్నారు. దేశమంతటా యజ్ఞాలు, అఖండ భజనలు. టన్నులకొద్దీ నెయ్యి అగ్నిహోత్రుడి పాలైంది. నెహ్రూ గారు నవ్వి ఊరుకున్నారు. ఫిబ్రవరి అయిదు దాటింది, ఏమీ కాలేదు. యజ్ఞాలవల్లే ఆగిందన్నారు, బాగుంది. అంతలో అక్టోబరు వచ్చింది, చైనా సైన్యం సరిహద్దు దాటింది. చూశారా, చెప్పలేదూ అన్నారు. మాఘమాసం పెళ్ళికి పిలిస్తే దసరాకు దిగిన చుట్టంలా వచ్చిన ఆ ప్రళయాన్ని కూడా కూటమి ఖాతాలోనే రాశారు. యజ్ఞాలు దాన్ని ఆపాయా, వాయిదా వేశాయా అన్నది నేటికీ తేలలేదు.

ఈ గొడవంతా లేకుండా మన సంప్రదాయంలో ఓ చక్కటి ఏర్పాటుంది. తేదీకి బదులు సంవత్సరం పేరు చెబుతారు. క్రోధి నామ సంవత్సరాన ఘోరం జరుగుతుందని రాసి ఉందనుకోండి. క్రోధి 1904లో వచ్చింది, 1964లో వచ్చింది, 2024లో వచ్చి వెళ్ళింది. ఏమీ జరగకపోతే 2084 ఉండనే ఉంది. అరవై ఏళ్ళ వారంటీ ఇచ్చే కంపెనీ మీద కేసు వెయ్యడానికి వినియోగదారుడు మిగిలి ఉండాలి కదా.

కలియుగం ఆయుర్దాయం 4,32,000 ఏళ్ళని పురాణాలే చెబుతున్నాయి. ఇప్పటికి గడిచింది అయిదువేల చిల్లర. అయిదువేలు నిండాక వీరభోగ వసంతరాయలుగా తిరిగి వస్తానని స్వామి చెప్పారని భక్తుల మాట. పంచాంగం ప్రకారం ఆ అయిదువేలు 1899లోనే నిండాయి. అప్పటినుంచి వసంతరాయలు తామేనని చెప్పుకున్నవాళ్ళకు కొదవలేదు. ఇక యాగంటి గుడిలోని రాతి నంది, బసవన్న. యుగాంతంలో ఆయన లేచి రంకె వెయ్యాలి. పెరుగుతున్నాడనడానికి పురావస్తు శాఖ లెక్కే ఉందంటారు: ఇరవై ఏళ్ళకు ఒక అంగుళం. ఇంకో అయిదడుగులు పెరగాలంటే 1200 ఏళ్ళు. 1981లో శంకుస్థాపన జరిగిన పోలవరంతో పోలిస్తే బసవన్నది చురుకైన వేగమే అనుకోండి.

హేతువాద మిత్రులారా, ఇక్కడిదాకా చదివి మీసం మెలెయ్యకండి. 2024 జూన్ 1 సాయంత్రం మీరంతా ఎక్కడున్నారో నాకు తెలుసు. టీవీల ముందే. లోక్‌సభలో ఎన్డీయేకు 350 సీట్లు దాటుతాయని కొందరు, 400 తాకుతాయని కొందరు ఎగ్జిట్ పోల్స్ చదువుతుంటే పెన్ను పట్టుకుని రాసుకున్నారు. మూడో తేదీ షేర్ మార్కెట్టు ఎగిరి గంతేసింది. నాలుగున ఫలితం 293 దగ్గర ఆగింది, మార్కెట్టు బోర్లా పడింది. ఉగాది పంతులుగారు నయం. పార్టీ ఆఫీసులో పంచాంగం చదివి ఆ పార్టీకే రాజపూజ్యం ఎక్కువ, అవమానం తక్కువ అని చెప్పి, కండువా కప్పించుకుని, దక్షిణ పుచ్చుకుని వెళ్ళిపోతారు. ఎవరి డీమ్యాట్ ఖాతా జోలికీ పోరు.

నాకు అసలు విచిత్రంగా తోచేది నమ్మకం కాదు, అది ఎంత చవగ్గా దొరుకుతోందన్నదే. 1979లో నాసావారి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందని రేడియోలో విన్న తెలుగు పల్లెల్లో, చచ్చేముందు తినకపోతే ఎలా అని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నవాళ్ళున్నారు. వాళ్ళది నమ్మకమంటే! మేక ఖరీదు పెట్టి నమ్మారు. అది ఆస్ట్రేలియాలో పడింది. రోడ్ల మీద చెత్త వేసినందుకు అక్కడి ఎస్పరెన్స్ అనే ఊరి పాలకమండలి నాసాకు 400 డాలర్ల జరిమానా వేసింది. మన ఊళ్ళలో మేక పోయినవాడికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

బ్రహ్మంగారి శిష్యుల్లో సిద్ధయ్య దూదేకుల ఇంటివాడు, కక్కయ్య చెప్పులు కుట్టే కులంవాడు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని జ్ఞానం చెప్పిన మనిషాయన. ఆ ముక్క ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ అయినట్టు నేను చూడలేదు, ఈశాన్యపు గాలి మాత్రం రోజుకు నాలుగుసార్లు వీస్తుంది. కాలజ్ఞానంలో దొంగస్వాములు పెచ్చుమీరుతారన్న మాట కూడా ఉందంటారు. దాన్ని తెరమీద ఎవరు చదివి వినిపిస్తారో మీకు తెలుసు. ఇంకో సంగతి. 2021లో కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి మఠాధిపతి కన్నుమూశాక, గద్దె ఎవరిదన్న తగాదా రేగి హైకోర్టు మెట్లెక్కింది. కాలజ్ఞానం తెరిచి చూసుకుంటే పోయేదానికి వకీలు ఫీజులెందుకు పెట్టారో!

మొన్న హెడ్మాస్టరు గారు లిఫ్టులో కలిశారు. మూడో ప్రపంచయుద్ధం తప్పదట, సగం భూమి ఖాళీ అవుతుందట, బ్రహ్మంగారూ నోస్ట్రడామస్సూ ఇద్దరూ ఒకే మాట అన్నారట.

"ఎప్పుడంటారు?"

"దగ్గరికొచ్చేసింది. ఇంకో ఏడాది, ఏడాదిన్నర." గొంతు తగ్గించారు. "అది సరేగానీ, రెండేళ్ళ మెయింటెనెన్సు ఒకేసారి కట్టేస్తే అసోసియేషన్‌వాళ్ళు పది శాతం తగ్గిస్తారా? మీరు సెక్రటరీగారితో ఓ మాట చెప్పి చూడకూడదూ?"