మూత కోసిన ఐజీబీటీ

నేనొక ఐజీబీటీ మాడ్యూల్‌ని, అంటే పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చుల పెట్టెని. 1200 వోల్టులు, 100 ఆంపియర్లు అని నా ఒంటి మీద అచ్చు ఉంటుంది. ఇప్పుడు నేను పనిచేయను. హైదరాబాద్ జీడిమెట్లలోని ఒక శిక్షణ గదిలో నా మూత కోసి, లోపలి జెల్ తీసేసి బల్ల మీద పెట్టారు. సెలవు రోజుల్లో అక్కడ చేరేవాళ్లు కాలేజీ పిల్లలు కారు. లిఫ్టులు చూసేవాళ్లు, యూపీఎస్ సర్వీసు చేసేవాళ్లు, సోలార్ ఇన్వర్టర్లు బిగించేవాళ్లు, మిల్లుల్లో మోటార్ల బాధ్యత మోసేవాళ్లు.

మా వంశంలో మనవాళ్ల చెయ్యి పెద్దది. చెన్నైలో పుట్టి, ఐఐటీ మద్రాసులో చదివిన బి. జయంత్ బలిగా 1980ల మొదట్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో ఐజీబీటీకి రూపం ఇచ్చారు. ఆ పనికే 2024లో ఫిన్లండ్ వారి మిలీనియం టెక్నాలజీ ప్రైజ్ ఆయనకు దక్కింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా గదిలో వాళ్ల ముఖాలు వెలగడం చూస్తాను. నాకూ గర్వంగానే ఉంటుంది.

నేను పనిచేసింది మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో, బ్లోయర్ మోటారు నడిపే డ్రైవ్‌లో. నాలో రెండు స్విచ్చులు. ఒకటి డీసీ ప్లస్ వైపు, రెండోది మైనస్ వైపు, మధ్యలోంచి మోటారుకు ఒక ఫేజు. గేటుకు 15 వోల్టులు అందితే స్విచ్ ఆన్ అవుతుంది. రెండూ కలిసి ఆన్ అయితే డీసీ అంతా నాలోంచే షార్టవుతుంది. నా తరం మాడ్యూళ్లు దాన్ని ఓర్చుకునేది సుమారు 10 మైక్రోసెకన్లు. అందుకే ఒకటి ఆఫ్ అయ్యాక కాస్త ఆగి రెండోది ఆన్ చేస్తారు. ఆ విరామాన్నే డెడ్ టైమ్ అంటారు.

నాకంటే ముందు ఆ చోట మరో మాడ్యూల్ ఉండేది. అది పోతే తీసి నన్ను బిగించారు. ఎందుకు పోయిందని ఎవరూ చూడలేదు. హీట్‌సింక్ రెక్కల మధ్య ఊక దుమ్ము అట్టకట్టి ఉంది, ఫ్యాను మూలుగుతూ తిరుగుతోంది. థర్మల్ పేస్టును పలచగా పరచాల్సింది పోయి, మందంగా పూసి నన్ను దాని మీద కూర్చోబెట్టారు. ఇక వేడి ఎటు పోతుంది? మోటారు నడిచినప్పుడు కాగడం, ఆగినప్పుడు చల్లారడం. వేడికి అల్యూమినియం సిలికాన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది. నా చిప్పుల మీద అతికిన సన్నని అల్యూమినియం తీగలు ఆ లాగుడుకి ఒక్కొక్కటే ఊడాయి. ఊడినదాని కరెంటు మిగతావాటి మీద పడింది. చివరికి పెద్ద చప్పుడుతో పోయాను.

శిక్షణలో నన్ను భూతద్దం కింద పెట్టి, పాఠం చెప్పే మేడం ఆ ఊడిన తీగలే చూపిస్తారు. ఓసారి లిఫ్టుల పనిలో తల నెరిసిన ఒకాయన చాలాసేపు చూసి అన్నాడు: "ఇన్నేండ్ల సంది మార్చుడే మార్చుడు మేడం. ఎందుకు పోయిందో ఎవ్వలడగలే, మేం చూడలే."

"ఇవాళ చూద్దాం అన్నా. ముందు గేట్ డ్రైవర్ బోర్డు తీయండి," అందావిడ.

అసలు పాఠం అక్కడుంది. మాడ్యూల్ పేలితే దాన్ని నడిపే బోర్డూ తరచుగా దెబ్బతింటుంది. అది చూడకుండా కొత్తది బిగిస్తే కొత్తదీ పోతుంది.

"415 వోల్టుల లైనుకు 1200 వోల్టుల మాడ్యూల్ ఎందుకు?" అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేదాకా మేడం సూత్రం రాయరు. ఆ పద్ధతే నాకు నచ్చుతుంది. పని తెలిసినవాడికి ప్రశ్న ముందు పుట్టాలి, లెక్క తర్వాత రావాలి. 415ను రెక్టిఫై చేస్తే డీసీ సుమారు 587. బరువైన లోడును ఆపేటప్పుడు మోటారే జనరేటరై దాన్ని 700 దాటిస్తుంది. కెపాసిటర్‌కీ మాడ్యూల్‌కీ మధ్య జానెడు వైరు ఉంటే అందులో సుమారు 200 నానోహెన్రీలు. 100 ఆంపియర్లు మైక్రోసెకనులో పదో వంతులో ఆగితే ఆ వైరే మరో 200 వోల్టులు పుట్టిస్తుంది. అందుకే 1200. లెక్క రాశాక నా తోటి మాడ్యూల్‌ను తక్కువ వోల్టేజీ బెంచి మీద రెండు పల్సులతో నడుపుతారు. వైరు పొడుగ్గా ఉంటే ఆసిల్లోస్కోపు తెర మీద స్పైకు లేస్తుంది, పొట్టిది వేస్తే తగ్గుతుంది. కళ్లారా చూసినవాడు ఇక వైరును పొడుగ్గా వదలడు.

ఆ స్కోపునే తెలియక వాడితే ప్రమాదం. మామూలు ప్రోబు గ్రౌండ్ క్లిప్పు ఎర్తుకు కలిసి ఉంటుంది. దాన్ని డ్రైవ్ లోపల మైనస్ బస్సుకు తగిలిస్తే మెయిన్స్ నేరుగా ఎర్తుకు షార్టవుతుంది. అక్కడ డిఫరెన్షియల్ ప్రోబే వాడాలి. అది ఖరీదే, అయినా దాన్ని కొనని శిక్షణ కేంద్రం ఈ కోర్సు పెట్టకూడదు.

డ్రైవ్ విప్పేవాళ్లకు నా విన్నపం. సప్లై తీశాక, డ్రైవ్ మీద ఎన్ని నిమిషాలు ఆగమని రాశారో అన్నీ ఆగండి. ఆపైన డీసీ బస్సును మీటరుతో కొలిచాకే చెయ్యి పెట్టండి. పోయిన మాడ్యూల్‌ను తుక్కులో వేయకండి. ఏ లోడు మీద, ఎలా పోయిందో ఒక చీటీ రాసి కట్టి, దగ్గర్లోని శిక్షణ గదికి ఇవ్వండి.