‘చిన్న ఊళ్ళేగా’: ఒక వాట్సాప్ వచనానికి టీకా తాత్పర్యం

మూలం: “మామా, ఈ శనాదివారాలు కారు తీస్తున్నా. కోవ్, కిన్సేల్, డింగిల్ చూసేసి వచ్చేద్దాం. చిన్న ఊళ్ళేగా. వాన పడదులే.”

టీక: కర్త అజ్ఞాతుడు. రచనాకాలం ఏటా మే నుంచి ఆగస్టు దాకా. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగు మిత్రుల ఫోన్లలో ఈ వచనం నానా పాఠాంతరాలతో దొరుకుతుంది. ‘కోబ్’ అని కొన్ని ప్రతుల్లో కనబడేది లేఖక దోషం. ‘మామా’ అన్నచోట మేనమామను తెచ్చుకోనక్కరలేదు, పెట్రోలు ఖర్చులో సగం పెట్టుకునే స్నేహితుడని గ్రహించాలి. ‘తీస్తున్నా’ ఏకవచనం, ‘వచ్చేద్దాం’ బహువచనం. స్టీరింగ్ పట్టేవాడొకడు, సముద్రం చూసేవాడు ఇంకొకడు అని ఇందులోని ధ్వని. తాత్పర్యం పసిపిల్లలకైనా తెలుస్తుంది: ఇద్దరు, ఒక కారు, రెండు రోజులు, మూడు రేవు ఊళ్ళు. చిక్కల్లా ‘చిన్న ఊళ్ళేగా’ దగ్గరే. పథకం మొత్తానికి హేతువు అదొక్కటే, అదే హేత్వాభాసం. ఊరి చిన్నతనం విస్తీర్ణానికి సంబంధించింది. చూడడానికి పట్టే కాలం దాన్నిబట్టి తగ్గదు. పైగా, మూడు ఊళ్ళలో మూడోది మూలంలో ఉండవలసిందే కాదని మా వాదం.

ముందు కోవ్ సంగతి. కార్క్ నగరం నుంచి రైల్లో అరగంటలోపే చేరే ఊరు. గుట్ట వాలులో ఒకదాని భుజం మీద ఇంకొకటి ఎక్కినట్టున్న రంగురంగుల ఇళ్ళు, వాటి నెత్తిన సెయింట్ కోల్మన్ చర్చి. మూలకర్త ఈ చర్చికి పది నిమిషాలు కేటాయిస్తాడు. కట్టినవాళ్ళు 1868లో మొదలుపెట్టి 1919కి గాని ముగించలేదు. విక్టోరియా రాణి వచ్చి వెళ్ళిన గౌరవానికి 1849 నుంచి 1920 దాకా ఈ ఊరికి క్వీన్స్‌టౌన్ అని పేరు. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ చివరిసారి ఆగింది ఈ రేవులోనే. అంత పెద్ద ఓడ ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేస్తే, ఇక్కడి ప్రయాణికులను చిన్న పడవల్లో చేర్చారు. వాళ్ళు పడవ ఎక్కిన రేవుకట్ట తాలూకు చెక్క దుంగలు నీళ్ళలో నానుతూ ఇప్పటికీ ఉన్నాయి. ఒడ్డున అనీ మూర్ అనే పిల్ల విగ్రహం, పక్కనే ఇద్దరు తమ్ముళ్ళు. 1892 జనవరి 1న అమెరికాలో వలస వచ్చేవాళ్ళకు ఎల్లిస్ ద్వీపం తలుపు తెరిస్తే మొదట అడుగుపెట్టింది ఆమే. ఐర్లండ్ వదిలిపోయినవాళ్ళలో సుమారు 25 లక్షల మంది ఈ రేవు నుంచే వెళ్ళారు. వీసా కాగితాలు సంచిలో పెట్టుకుని దేశం దాటినవాళ్ళు ఆ విగ్రహం ముందు సెల్ఫీ దిగి అరనిమిషంలో కదిలిపోగలరంటే నమ్మడం కష్టం.

ఇక కిన్సేల్. కోవ్ తరవాత కిన్సేల్ రావడం యాదృచ్ఛికం కాదు, రెంటికీ అన్వయం ఉంది. 1915 మే 7న లూసిటేనియా ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది ఓల్డ్ హెడ్ ఆఫ్ కిన్సేల్ అనే కొండకొమ్ముకు ఎదురుగానే. 18 నిమిషాల్లో ఓడ మునిగింది, దాదాపు 1,200 మంది పోయారు. బతికినవాళ్ళలో చాలామందిని క్వీన్స్‌టౌన్‌కు చేర్చారు, పోయినవాళ్ళలో అనేకులు ఆ ఊరి పాత శ్మశానంలో ఉన్నారు. కిన్సేల్‌కు చేరిన శవాల మీద విచారణ ఆ ఊళ్ళోనే జరిగింది. ఊరివాళ్ళతో కూడిన జ్యూరీ జర్మన్ చక్రవర్తి మీదే హత్యానేరం మోపింది! చేపలు పట్టుకునే ఊరు చక్రవర్తిని దోషి అన్నాక కూడా ‘చిన్న ఊళ్ళేగా’ అనడానికి నోరెలా వస్తుందో మూలకర్తే చెప్పాలి. 1601లో స్పానిష్ సైన్యం దిగి, ఐరిష్ దొరలతో కలిసి ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడిందీ ఇక్కడే. నక్షత్రం ఆకారంలో ఉన్న చార్ల్స్ కోట చుట్టూ నడవడానికే ఒక పూట కావాలి.

పూర్వపక్షం: ఈ ఊళ్ళన్నీ ఒకే మూస, రేవు, చర్చి, పబ్బు, రంగుటిళ్ళు, కాబట్టి చకచకా తిప్పేయవచ్చు. సమాధానం: అన్నీ ఒకటే అయితే మూడోది దేనికి? ఈ వాదం వేసినవాడినే కొడుతుంది. ఇంకొకరు హోటల్ అద్దె దండగ అవుతుందంటారు. ఎన్ని ఊళ్ళు చూసినా పడుకునేది ఒక్క రాత్రే, తగ్గేది పెట్రోలే. అసలైన ఆక్షేపణ మూడోది: డింగిల్ అంత అందమైన చోటును వదలడం పాపం కదా? పాపమే. అందుకే వద్దంటున్నాం. డబ్లిన్ నుంచి కోవ్‌కు మూడు గంటలు, అక్కణ్ణుంచి కిన్సేల్‌కు ఒకటి, కిన్సేల్ నుంచి డింగిల్‌కు మూడు, తిరుగు ప్రయాణం నాలుగున్నర. రెండు రోజుల్లో పదకొండున్నర గంటలు సీటు బెల్టుకే సమర్పణ. అదీ ఎదురుగా ట్రాక్టరు రాకపోతే. డింగిల్ చేరాక స్లే హెడ్ చుట్టుదారి ఒక్కటే సగం రోజు మింగుతుంది. 1953లో జనం ఖాళీ చేసిన బ్లాస్కెట్ దీవి, గలారస్ రాతి గుడి, ఇవన్నీ డింగిల్ పరివారం. అది స్వతంత్ర కావ్యం, ఇంకో కావ్యానికి తోకగా తగిలించరాదు. పై రెండు ఊళ్ళతో అన్వయం లేదు గనక ‘డింగిల్’ ఈ వచనంలో ప్రక్షిప్తమని మా నిర్ణయం. ఆ ప్రయాణం వేరే శనివారానికి.

మూడో ఊరు ఉండితీరాలని పట్టుబట్టేవారికి అదే కార్క్ జిల్లాలోని అహాకిస్టా ఉంది. 1985 జూన్ 23న పేలిపోయిన ఎయిరిండియా ‘కనిష్క’ విమానంలోని 329 మందికి స్మారకం ఆ పల్లెలో, సముద్రపు ఒడ్డున ఉంది. కానీ అది దారిలో దిగి చూసే చోటు కాదు. ఆ ఒక్కదానికే వెళ్ళాలి.

‘వాన పడదులే’ అనేది ఏ ప్రమాణానికీ నిలవదు. డబ్లిన్‌లో ఏడాది వాన హైదరాబాద్ వాన కన్నా ఎక్కువేం కాదు, నిజమే. అయితే మనకు నాలుగు నెలల్లో కురిసి ఊరుకునేది అక్కడ ఏడాది పొడుగునా చినుకుతుంది. పడమటి వైపు కొన్నిచోట్ల ఏడాదికి సుమారు 225 రోజులు తడి రోజులే. గాలికి గొడుగు తిరగబడుతుంది కనుక అదీ వృథా.

ఈ వచనాన్ని ఇకమీదట ఫార్వర్డ్ చేసే మిత్రులు డింగిల్‌ను కొట్టేసి, ‘వాన పడదులే’ బదులు ‘వానకోటు తెచ్చుకో’ అని దిద్ది పంపగలరు.