ముష్టియుద్ధ విక్రయ మీమాంస

బాక్సింగ్ పోటీని టీవీలో ఆ ఒక్క పూటకు విడిగా డబ్బు కట్టించుకొని చూపించడాన్ని పే పర్ వ్యూ అంటారు. ఏ పోటీకి ఆ యోగ్యత ఉంది, దేనికి లేదు అన్నదానిపై మన పూర్వులు ఒక్క ముక్కా రాసిపెట్టలేదు. దొంగతనానికీ శాస్త్రమున్న దేశంలో ఇది పెద్ద లోటే. దాన్ని బనగానపల్లె నుంచి పూడ్చాలని సంకల్పం. ఊరికి ఆ అర్హత లేదనడానికి లేదు. వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చొని కాలజ్ఞానం రాశారని చెప్పుకొనేది ఇక్కడే. కాకపోతే, ఫలితం ముందే చెప్పేస్తే ఈ వ్యాపారం మూతబడుతుంది. కనుక స్వామికి ఒక దండం పెట్టి ముందుకు పోదాం.

ప్రథమ సూత్రం: కొట్టుకోబోవడమే సరుకు, కొట్టుకోవడం కొసరు.

దీనికి భాష్యం ఏ బస్టాండు దగ్గరైనా దొరుకుతుంది. ప్యాసింజర్ విషయంలో ఇద్దరు ఆటోవాళ్ళకు మాటా మాటా పెరుగుతుంది. ఒకడు మెడలో తువ్వాలు తీసి మడత పెట్టి సీటు మీద ఉంచుతాడు. ఫోను స్నేహితుడి చేతికిస్తాడు. "ఇడ్సండప్పా నన్ను! ఈ పొద్దు వాని సంగతి సూడాల్సిందే" అంటాడు. నిజానికి అతణ్ణి ఎవరూ పట్టుకోలేదు. ఆ సంగతి గ్రహించి, పక్కనున్న పెద్దాయనకు చెయ్యి వేయడానికి వీలుగా ఆయన వైపు ఒకడుగు జరుగుతాడు. అవతలివాడు "రారా, రా" అని పిలుస్తూనే వెనక్కి నడుస్తుంటాడు. బజ్జీల బండి దగ్గర నూనె కాగుతున్నా పిండిలో ముంచిన మిరపకాయ చేతిలోనే ఆగిపోతుంది. టికెట్టు పెట్టదగిన ఘడియ ఇదే. తర్వాత జరిగేది రెండు తోపులాటలు, ఊడిన ఒక చొక్కా గుండీ. జనం "ఇంతేనా" అని చెదిరిపోతారు. అప్పుడు పైసా అడిగినా ఎవరూ ఇవ్వరు.

బాక్సర్లు మేవెదర్, పాకియావ్ చేసిందీ ఇదే, కాస్త ఖర్చు పెట్టి. 2009 చివర్లో వాళ్ళ పోటీకి మాటలు నడిచి, రక్తపరీక్షల దగ్గర పేచీ వచ్చి చెడ్డాయి. అయిదేళ్ళకు పైగా "ఇడ్సండప్పా నన్ను" సాగింది. 2015 మే 2న లాస్ వేగాస్‌లో బరిలోకి దిగేసరికి అమెరికాలో సుమారు 46 లక్షల కొనుగోళ్ళు, ఒక్కోటి దాదాపు వంద డాలర్లు. ఆఖరి నిమిషపు తాకిడికి కేబుల్ వ్యవస్థలు ఉక్కిరిబిక్కిరై ఆటే ఆలస్యమైంది. పన్నెండు రౌండ్లు గడిచాయి, ఎవరూ కింద పడలేదు, మేవెదర్ పాయింట్ల మీద గెలిచాడు. బనగానపల్లె మామిడి వ్యాపారి పూత చూసి తోట గుత్తకు పట్టినట్టే చూసేవాళ్ళూ డబ్బు ముందే కట్టేశారు. గాలికి పిందె రాలితే అడిగే దిక్కెవరు? మనకైతే అది ఆదివారం పొద్దున ఇడ్లీల వేళకు మామూలు స్పోర్ట్స్ ఛానెల్లోనే వచ్చింది కాబట్టి ఇడ్లీ ఖర్చు తప్ప నష్టం లేదు.

ద్వితీయ సూత్రం: ఇద్దరిలో ఒకడైనా ఓడిపోవాలని జనం మొక్కుకోవాలి. మేవెదర్ తన పేరు పక్కన 'మనీ' అని తగిలించుకొని నోట్ల కట్టలు చూపిస్తూ తిరిగాడు. వీడి పొగరు అణిగితే చూడాలని కొన్నవాళ్ళే ఎక్కువ. ఆయన 50 పోటీలాడి ఒక్కటీ ఓడలేదు, అంటే ఆ సరుకు ఒక్కసారీ చేతికందలేదు. 2017 ఆగస్టులో ఎంఎంఏ యోధుడు మెక్‌గ్రెగర్‌తో ఆడినప్పుడు శాస్త్రం ఇంకో మెట్టెక్కింది. మెక్‌గ్రెగర్‌కు అంతకుముందు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఒక్క పోటీ అనుభవమూ లేదు, నోటి అనుభవం అపారం. పదో రౌండులో ఆట ముగిసేసరికి అమెరికాలో 43 లక్షల కొనుగోళ్ళు తేలాయి.

ఇక్కడ పూర్వపక్షం. "మా ఒంగోలు ఎద్దుల బండలాగుడు కంటేనా?" అని నంద్యాల జిల్లాలో ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అంటూ వర్గాలున్నాయి. బాక్సింగ్‌కు బరువెంతో దీనికి పళ్ళంత. చీటీలు తీసి వరస తేలుస్తారు. ఇచ్చిన నిమిషాల్లో ఒక్కో జత బండను ఎన్ని అడుగులు లాగిందో టేపు పట్టి కొలుస్తారు. చెర్నాకోలలు గాల్లో ఆడుతుంటే మైకులో ఊరి పేరు, ఆసామి పేరు మోగుతాయి. ఇంత వైభవమున్నా శాస్త్రం ఒప్పదు. ఏ జతకు ఆ జత విడిగా లాగుతుంది, ఎదురెదురు పడవు. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో బాక్సర్లు అలీ, ఫ్రేజియర్ తలపడ్డప్పుడు ఇద్దరిలో ఎవరికీ అప్పటికి ఓటమి తెలియదు. దూరదూరపు ఊళ్ళలో జనం థియేటర్లలో టికెట్టు కొని మరీ చూశారు. అదే అలీ పొద్దున ఒక బండ లాగి, ఫ్రేజియర్ మధ్యాహ్నం అన్నం తిని ఇంకోసారి లాగితే ఎవరు కొంటారు? ఇంతకంటే పెద్ద దోషం, గోడ లేకపోవడం. "సూసేకి దుడ్లు కట్టాల్నా? ట్రాక్టర్ ట్రాలీ ఎక్కితే సరిపాయె" అంటాడు అక్కడొక పెద్దాయన. ట్రాలీలో చోటు దొరకనివాడికి ఫోన్‌లో లైవ్ ఉంది, అదీ ఉచితమే. గోడ లేని చోట ఈ శాస్త్రం పనిచేయదని దీన్నే మూడో సూత్రంగా రాసుకోవచ్చు.

మరి తెలుగునాట లక్షణాలన్నీ కుదిరిన పోటీ అసలు లేదా అంటే, ఒక్కటుంది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో ఎవరిని పంపాలన్నప్పుడు, మేరీకోమ్‌తో తనకూ సెలక్షన్ పోటీ పెట్టాలని నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019లో క్రీడామంత్రికి లేఖ రాసింది. రచ్చ జరిగింది, నిరీక్షణ జరిగింది, ఒకవైపు పెద్ద పేరు, ఇంకోవైపు పట్టు విడవని పిల్ల. డిసెంబరు 28న ఢిల్లీలో మేరీకోమ్ 9-1తో గెలిచింది; పోటీ అయ్యాక చెయ్యి కలపలేదు. కలపని ఆ చెయ్యి ఒక్కటీ వేగాస్ వ్యాపారి కంట పడి ఉంటే రెండో పోటీకి అప్పుడే అడ్వాన్సులు తీసుకొనేవాడు. మనవాళ్ళు ఒక్క రూపాయికీ అమ్మలేదు.

ఆపైన నిఖత్ శాస్త్రాన్ని పూర్తిగా చెడగొట్టింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఫైనల్లో ఎదురైనవాళ్ళు ఒకసారి థాయ్‌లాండ్, ఒకసారి వియత్నాం. వాళ్ళతో మాట లేదు, పేచీ లేదు. పైగా ఆమె ఓడిపోవాలని మొక్కుకొనేవాడు నిజామాబాద్ నుంచి బనగానపల్లె దాకా వెతికినా దొరకడు. అలాంటి సరుకును ఏ వ్యాపారీ ముట్టుకోడు.