బ్రౌన్ బ్రెడ్డు వైద్యం

మనిషికి షుగర్ వచ్చిందని తేలిన మర్నాడే ఇంట్లోకి బ్రౌన్ బ్రెడ్డు వస్తుంది. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా ఇదే వరస. పరామర్శకు వచ్చిన చుట్టాలు "అన్నం మానెయ్ మామా, పూటకు రెండు శాండ్‌విచ్‌లు తిను, దెబ్బకు దిగుతుంది" అని వైద్యం చెప్పి, తమవంతు ఉగ్గాని బజ్జీ లాగించి వెళ్లిపోతారు.

ఆ మామ ఇప్పుడు హైవే పక్క బేకరీలో నిలబడి ఉంటాడు.

"బ్రౌన్ బ్రెడ్డుతోనే చెయ్యన్నా, నాకు షుగర్."

"బ్రౌనే అన్నా. సాస్ ఎక్కువెయ్యాల్నా?"

"ఎయ్, ఎయ్. టీలో మాత్రం చక్కెర వద్దు!"

చివరి మాట రోడ్డవతలికి వినబడుతుంది. పథ్యం చేస్తున్నట్టు నలుగురికీ తెలియాలి కదా. రొట్టె ముక్కల మధ్య ఆలుగడ్డ ముద్ద, పైన తియ్యటి సాసు, పెనం మీద వెన్న. రెండు ముక్కల రొట్టెలోనే పాతిక, ముప్పై గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆలుగడ్డ లెక్క వేరే. మామ తినేది రెండు శాండ్‌విచ్‌లు.

ప్యాకెట్టు ముందువైపు గోధుమ కంకుల బొమ్మ ఉంటుంది. వెనక్కి తిప్పితే చీమతలకాయలంత అక్షరాల్లో అసలు సంగతి. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరే ముందు రాయాలన్నది నిబంధన. చాలా ప్యాకెట్లలో ఆ మొదటి పేరు మైదా. ఇంకా కిందికెళ్తే కొన్నిట్లో క్యారమెల్ రంగు, అంటే మాడ్చిన చక్కెర! షుగర్ మనిషి కోసం రొట్టెకు చక్కెర మాడ్చి రంగేస్తున్నారు. అది చిటికెడే, దానితో కొంపలేమీ మునగవు. కానీ సున్నపు బొమ్మకు నల్లరంగు పూసి ఆళ్లగడ్డ శిల్పమని అమ్మితే అక్కడి శిల్పులు ఊరుకుంటారా?

సరే, అచ్చంగా ముడి గోధుమపిండితోనే చేశారనుకుందాం. తిన్నది ఎంత వేగంగా రక్తంలో చక్కెరను పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్‌ను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చింది. గ్లూకోజుకు 100. 2008లో అచ్చయిన అంతర్జాతీయ పట్టికలో తెల్ల రొట్టె సగటు 75, ముడి గోధుమ రొట్టె 74, తెల్లన్నం 73. మామ అన్నం మానేసి సాధించింది ఇదీ! పిండిని మెత్తగా మర పట్టాక అది అరగడానికి ఎంతోసేపు పట్టదు, రంగేదైనా సరే. అదే పట్టికలో చక్కెరకు 65 ఉందని మాత్రం డబ్బా మూత తీయకండి. చక్కెరలో సగం ఫ్రక్టోజు, అది ఈ కొలతకు సరిగా దొరకదు.

నంద్యాలలో 1906 నుంచీ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. జొన్న మీద, కొర్ర మీద అక్కడ జరిగిన పని తక్కువేం కాదు. ఒక కొర్ర రకానికి ఏకంగా నవనందుల్లోని సూర్యనంది పేరే పెట్టారు. అంత చేసినా మనకు కవరులో వచ్చిన మైదానే మందు! కొర్ర తింటే షుగర్ మాయమైపోతుందనే జట్టు ఇంకొకటి ఉందిలెండి, వాళ్ల భరతం మరోసారి పడదాం. గంపెడు తింటే కొర్రన్నమూ ఎక్కిస్తుంది.

శాండ్‌విచ్ మీద అంత మోజుంటే దాన్ని విప్పి తినాలి. 2015లో న్యూయార్కులో కార్నెల్ వైద్యులు 11 మందికి ఒక రోజు రొట్టె ముందు, మరో రోజు చికెన్, కూరగాయలు ముందు పెట్టి చూశారు. రొట్టె ఆఖర్న తిన్న రోజు, గంట తర్వాత చూస్తే చక్కెర సుమారు 37 శాతం తక్కువ. చిన్న పరీక్షే, అయినా పైసా ఖర్చులేని కిటుకు. ముందు కీరా, ఉడికించిన గుడ్డో శనగలో, చివర్లో ఒక్క రొట్టె ముక్క. మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి రెండు గంటలు లెక్కపెట్టి వేలు గుచ్చి చూసుకుంటే ఆ రొట్టె సంగతి తేలిపోతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు మింగేవాళ్లు ఉన్నట్టుండి తిండి సగం చేస్తే చక్కెర పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. డోసు గురించి డాక్టరుతో మాట్లాడాకే ఏ పథ్యమైనా.